వెండి గిన్నె, వెండి కాసు

ఇంట పెండ్లి తలపెట్టినప్పుడు పాతవెండి పెట్టెలోనుండి బయటికి వచ్చుట మన సోదరీమణులందఱు నెఱిగినదే. అంచు విఱిగిన గిన్నె, సొట్టపడిన చెంబు, మూతపోయిన కుంకుమభరిణె, వీనినన్నిటిని మూటగట్టి కంసాలి యొద్దకు పంపుదుము. అతడు తూచును, తఱుగు తీయును, కరగించును. నాలుగు దినములకు అవ్వగారి చెంబు మనుమరాలి కాలిపట్టీలై తిరిగివచ్చును. ఇది ఫలానా వారి చెంబని చెప్పుకొనుటకు వానిపై గుర్తేమియు మిగులదు. బరువు మాత్రము మిగులును.

ఈ మాసము మేము చెప్పబూనిన కథ దూరదేశమునది, దూరకాలమునది. ఐరోపాఖండమున రోమక సామ్రాజ్యము కూలిన పిమ్మట, క్రీస్తుశకము 7వ శతాబ్దము మొదలు 11వ శతాబ్దము వఱకు అచ్చట చెల్లిన చిన్న వెండికాసుల కథ. కాసుల చరిత్ర ఆడువారి కేలయని యెవరైన ననవచ్చును. ఇంటి పద్దు చూచువారికి కాక అది మఱెవరికి కావలయునో మాకు తెలియదు. అదియునుగాక ఈ కథ మొదలగునదే యింటివెండితో.

రోమక చక్రవర్తుల చివరికాలమున నాణెములకెల్ల పెద్ద బంగారుకాసు. దానికి సాలిడస్ అని పేరు. పడమట ఆ రాజ్యము పోయిన తరువాత, గాల్ దేశము నాక్రమించిన ఫ్రాంకులును, ఇంగ్లండున స్థిరపడిన ఆంగ్లో-సాక్సనులును అందు మూడవవంతు బరువుగల చిన్న బంగారునాణెములను కొట్టించుకొనిరి. తూర్పునుండి వచ్చు బంగారము సన్నగిల్లిన కొలదియు అందులో వెండి కలుపసాగిరి. ఏడాదికేడాది కాసు రంగు పాలిపోయెను. 7వ శతాబ్దము మూడవపాదము వచ్చునప్పటికి అది పేరునకు బంగారమే కాని చూపునకు వెండియే. అంతట ఆ నటన చాలించి వెండితోనే కొట్టుట మొదలిడిరి. అట్లు పుట్టిన కాసు మన చిటికెనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దది, ఒక గ్రాముకు కొంచెము పైగా తూగును. ఫ్రాంకులు దానిని రోమకుల పాతపేరుతో దెనారియస్ అనిరి, ఇంగ్లండువారు పెన్నీ అనిరి. ఆ దెనారియస్ అను మాటయే మన దేశమునకు ముందుగానే నడచివచ్చి దీనారమైనది. శ్రీనాథుడు స్నానమాడినట్టి దీనారటంకములకును ఈ గోరంత కాసునకును పేరు ఒక్కటే, లోహము మాత్రము వేఱు.

అయితే అంత వెండి అకస్మాత్తుగా ఎక్కడినుండి వచ్చెను? ఆ కాలమున అచ్చట చెప్పుకోదగిన వెండిగనులు పనిచేయుచున్నట్లు కానరాదు. చరిత్రకారులు చిరకాలము ఈ చిక్కుముడితో తల పట్టుకొనిరి. కేంబ్రిడ్జి నగరమునందలి ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలలోని 49 కాసులను కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డు, ఆమ్‌స్టర్‌డాము విద్వాంసులు సూక్ష్మకిరణములతో పరీక్షించి, ఆ ఫలితములను 2024వ సంవత్సరమున ప్రకటించిరి. ఆ కాసులు 660 మొదలు 820 వఱకు గల కాలమునకు చెందినవి. కిరణము కంటికి కానరానంత చిన్న గాటు చేయును గనుక కాసునకు హానిలేదు. వెండిలో సహజముగా కలిసియుండు సీసము, బంగారముల పాళ్లను బట్టి ఆ వెండి ఏ యూరిదో చెప్పవచ్చునట.

తేలినదేమన, 750కి ముందటి కాసులలోని వెండి ఐరోపాఖండపు ఏ గనిదియు కాదు. అది బైజాంటియము వెండి, అనగా కాన్‌స్టాంటినోపిల్ చక్రవర్తుల రాజ్యమున 3వ శతాబ్దము మొదలు 7వ శతాబ్దపు తొలిదినముల వఱకు వాడిన వెండి. ఆ కాలపు తూర్పునాణెములు పడమట విరివిగా దొరకలేదు గనుక, వచ్చినది పళ్లెములు, గిన్నెలు, చెంచాలు, దీపపుసెమ్మెల రూపమున వచ్చి యుండవలెనని ఆ విద్వాంసుల ఊహ. రాజులకు కానుకలుగాను, దేవాలయములకు మ్రొక్కుబడులుగాను వచ్చి, తరతరములు పెట్టెలలో దాగి, తుదకు కొలిమిలో పడినవన్నమాట. అరకిలో తూగు గిన్నె కరగినచో నాలుగువందల కాసులకు పైగా వచ్చును. ఎవరి వివాహమునకు వచ్చిన గిన్నెయో, ఎవరి చేతిమీదుగా పంక్తిలో నడచిన పళ్లెమో! కాసుపై దాని ఊసు లేదు.

కరగక మిగిలినది ఒకటి చూడవలెనన్న, 1939వ సంవత్సరమున ఇంగ్లండునందు సఫోక్ సీమలో సటన్ హూ అనుచోట బయల్పడిన నిధి యున్నది. ఈడిత్ ప్రెట్టీ అను భర్తృవిహీన తన భూమిలోని మట్టిదిబ్బలను త్రవ్వించగా ఒకదానియందు ఓడతోకూడ పూడ్చిన రాజసమాధి కనబడెను. అందు బైజాంటియము వెండిపాత్రలు వరుసగా నుండెను. వానిలో రెండున్నర అడుగులకు కొంచెము తక్కువ వెడల్పుగల పెద్ద పళ్లెమొకటి. దానిపై 491 మొదలు 518 వఱకు ఏలిన అనస్తాసియస్ చక్రవర్తి ముద్ర యున్నది. పది వెండిగిన్నెలు, రెండు చెంచాలును దానితో నుండెను. నిధి యంతయు ఆమెదేయని విచారణాధికారి తీర్పు చెప్పినను, ఆ యిల్లాలు దానినంతటిని బ్రిటిష్ మ్యూజియమునకు దానముచేసెను. రాజుతో భూమిలోనికి పోయినది గనుకనే ఆ పళ్లెము మనకు దక్కినది. ఇంటనే యుండినయెడల తరువాతి తరమువారు దానినేమి చేసియుందురో పై పరీక్షయే చెప్పుచున్నది.

కాసు కొట్టు విధానము కంసాలి పనికి మిక్కిలి దగ్గఱది. వెండిని పలుచని రేకుగా సాగగొట్టి బిళ్లలుగా కత్తిరింతురు. ఒక అచ్చును మొద్దులో దిగగొట్టి, దానిపై బిళ్లనుంచి, రెండవ అచ్చును పైన నిలిపి సుత్తితో కొట్టుదురు. రెండుప్రక్కల ముద్ర పడును. ఒకవైపున రాజుపేరు, రెండవవైపున కొట్టినవాని పేరు. కొట్టినవాని పేరెందుకనిన, వెండి తఱిగినచో పట్టుకొనవలసిన గొంతు ఎవరిదో తెలియుటకు. 924 మొదలు 939 వఱకు ఏలిన అథెల్‌స్టన్ రాజు శాసనము ప్రకారము, దొంగకాసు కొట్టిన టంకసాలవాని చేయి నఱికి ఆ టంకసాలమీదనే తగిలింపవలెను.

750 తరువాత కథ మాఱినది. అప్పటి కాసులలోని వెండి ఎక్కువగా మెల్ అను ఊరిది. అది ఫ్రాన్సు పడమటిభాగమున నున్నది. అచ్చట సీసపు ఖనిజమునందు వెండి కలసియుండును. రాతిని మంటలతో కాల్చి పగులగొట్టి, ఖనిజము తీసి, సీసమును వేఱుచేసి వెండి పట్టెడివారు. ఫ్రాంకులరాజు షార్లమేన్ చేతిలో ఈ గని యుండెను. ఆయన 793, 794 ప్రాంతమున కాసు బరువు పెంచి 1.7 గ్రాములు చేసెను. మన పాత వెండిరూపాయి సరిగా తులము తూగునది గదా, అట్టి ఒక్క రూపాయిబరువులో షార్లమేన్ కాసులు ఏడు తూగును.

ఆ కాసుతో ఏమి కొనవచ్చునో షార్లమేన్ తానే చెప్పియున్నాడు. అది 794వ సంవత్సరము, కఱవు వచ్చి వెళ్లిన వెంటనే. ఫ్రాంక్‌ఫర్టు సభలో ధరలు కట్టడిచేసిరి. ఒక్కొక్కటి రెండు పౌనులు తూగు గోధుమరొట్టెలు కాసునకు పండ్రెండు. అదే బరువుగల రై రొట్టెలు పదునైదు, యవలరొట్టెలు ఇరువది, ఓట్సు రొట్టెలు ఇరువదియైదు. పంట సమృద్ధిగా నున్నను కొఱతగా నున్నను ఇంతకు మించి అమ్మరాదని ఆజ్ఞ. కొత్తకాసును పుచ్చుకొననన్న స్వతంత్రునకు పదునైదు షిల్లింగుల జరిమానా, దాసునకు దెబ్బలు.

ఈ ధరలపట్టికను చూచి మేము కొంతసేపు ఆగితిమి. ఒక్క కాసునకు ఇరువదినాలుగు పౌనుల గోధుమరొట్టె! నలుగురైదుగురున్న యింట కొన్నాళ్ల గ్రాసము. కాసు ఎంత చిన్నదైనను విలువ అంత పెద్దది. మఱి చిటికెడు ఉప్పు కావలసివచ్చినచో, సూది యొకటి కొనవలసినచో ఆ యింటియామె ఏమి యిచ్చెను? ఇంగ్లండున కాసును కత్తిరించి సగము, పావు చేసి ఇచ్చు వాడుక వచ్చెను. ఫార్దింగ్ అను మాటకు నాలుగవవంతు అనియే అర్థము. అంతకన్న చిన్నది కొనవలసినచో గ్రుడ్లో, నూలో, గింజలో మార్చుకొనవలసినదే. పెద్దవి కొనుటకు మాత్రము లెక్కలున్నవి. అథెల్‌స్టన్ కాలమున లండనులో ఎద్దు ముప్పది కాసులు, ఆవు ఇరువది, పంది పది.

పండ్రెండు కాసులు షిల్లింగు, ఇరువది షిల్లింగులు పౌను, అనగా పౌనునకు 240 కాసులు. ఈ లెక్క స్థిరపడినది ఆ కాలముననే. షిల్లింగు, పౌను అనునవి అప్పుడు నాణెములు కావు, నోటిలెక్క మాత్రమే. చేతికి వచ్చునది ఎప్పుడును చిన్నకాసే. ఈ నోటిలెక్కనే ఇంగ్లీషువారు 1971వ సంవత్సరము వఱకు విడువక వాడిరి. నవ్వనక్కఱలేదు. మన అణాలు 1957లోనే మాఱిపోయినను, పెండ్లికూతురిని చూచి పదహారణాల తెలుగుపిల్ల యని నేటికిని అనుచునే యున్నాము.

అంగడిలో స్త్రీలుండిరా యని అడుగువారికి షార్లమేన్ మనుమడు చార్లెసు సమాధానము చెప్పును. 860ల దశకమున ఆయన వెలువరించిన కట్టడులలో, మంచికాసును కాదని త్రోసివేయువారిని శిక్షింపవలెనని చెప్పుచు, ఆడువారు కూడ బేరములాడుట కలదు గనుక వారిని విడువరాదని ప్రత్యేకముగా వ్రాయించెను. కాసును వ్రేలిపై దొర్లించి, మ్రోయించి, ఇది చెల్లదు, వేఱొకటి యిమ్మను ఇల్లాలు పదకొండున్నర శతాబ్దములనాడును ఉండెనన్నమాట. రాజునకు అది నేరముగా తోచినది. మాకు మాత్రము ఆమె వివేకమే కనబడుచున్నది. వెండి తఱిగిన కాసులు నిజముగానే తిరుగుచుండెను.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన కాసు. ఇంగ్లండున మెర్సియా అను రాజ్యమును 757 మొదలు 796 వఱకు ఒఫ్ఫా అను రాజేలెను. ఆయన భార్య కినెత్రిత్. భూదానపత్రములపై 770 నుండి ఆమె సాక్షిగా కనబడుచున్నది. కాంటర్బరీ టంకసాలలో ఎయోబా అనువాడు ఆమె పేరిట కాసులు కొట్టెను. ఒకవైపున ఎయోబా పేరు. రెండవవైపున కినెత్రిత్ రెజీనా, అనగా రాణి కినెత్రిత్ అను అక్షరములు, నడుమ మెర్సియాకు గుర్తుగా ఎమ్ అక్షరము. కొన్నిటిపై స్త్రీముఖము చెక్కియున్నది. పెద్దకన్నులు, ఉంగరములు తిరిగిన జుట్టు. రోమక మహారాజ్ఞుల పాతకాసులను చూచి చెక్కినట్లుండును. ఆంగ్లో-సాక్సనుల కాలమంతటిలో స్వనామముతో కాసు వెలసిన రాజపత్ని ఈమె యొక్కతెయే. ఆమెకు ముందు లేరు, తరువాతను లేరు.

ఏల కొట్టించిరి? విద్వాంసులు పలువిధముల చెప్పుదురు. ఆమె ధర్మకార్యములకై వేఱుచేసిన ధనమని కొందఱు, ఒఫ్ఫా తన సంతతికి రాజ్యము నిలుపుటకై పట్టపురాణి గౌరవమును లోకమునకు చాటెనని కొందఱు. ఆ కాలపు మహాపండితుడు ఆల్క్విన్ తన జాబులో ఆమెను రాజగృహమునకు నిర్వాహకురాలని పేర్కొనెను. వెచ్చములకొట్టు తాళములు ఎవరిచేత నుండునో కాసుపై పేరు వారిదగుటలో వింతయేమని మాకు తోచును. ఇది మా తలంపు మాత్రమే.

ఈ రెండు రాజకుటుంబములకు వియ్యము కుదరక చెడిన కథయు నొకటి యున్నది. 790 ప్రాంతమున షార్లమేన్ తన కుమారునకు ఒఫ్ఫా కూతురి నడిగెను. అట్లయిన నీ కూతురు బెర్తాను మా అబ్బాయికిమ్మని ఒఫ్ఫా కుండమార్పు అడిగెను. తనతో సరిసమానుడై బేరమాడెనని షార్లమేన్ మండిపడి, ఇంగ్లీషు వర్తకులు తన రేవులలో దిగరాదని శాసించెను. వెండి వచ్చు త్రోవ ఆ రేవులే. పెండ్లిమాటలు బెడిసినందుకు అంగడులు మూతపడినవి. తరువాత ఒక మఠాధిపతి నడుమ నిలిచి సర్దుబాటు చేసెను. 796లో షార్లమేన్ ఒఫ్ఫాకు వ్రాసిన జాబులో వర్తకుల రక్షణ మాట మఱల కానవచ్చును. ఆ యిరువురు పిల్లల మనస్సు ఎవరైన అడిగిరో లేదో ఏ గ్రంథమునను లేదు.

ఆ 796లోనే ఒఫ్ఫా మరణించెను. కొడుకు ఎగ్‌ఫ్రిత్ రాజై, 141 దినములకే పోయెను. ఒక్క యేటనే భర్తయు కొడుకును పోయిన ఆ రాణి థేమ్సు నదియొడ్డున కుకమ్ అనుచోట మఠమునకు అధిపతురాలై చేరెను. ఆ మఠము తమదని కాంటర్బరీ ప్రధానాచార్యుడు వ్యాజ్యము తెచ్చెను. 798లో పెద్దసభ కూడెను. ఆమె కెంటుసీమలోని భూముల నిచ్చివేసి కుకమ్ నిలుపుకొనెను. అన్నివైపుల ఆసరా పోయిన స్త్రీ పత్రములు పట్టుకొని సభలో నిలిచి తన చోటు దక్కించుకొన్నది. 2021లో రెడింగు విశ్వవిద్యాలయమువారు ఆ యూరి చర్చి ప్రక్కన త్రవ్వి ఆ మఠపు ఆనవాళ్లను బయటపెట్టిరి.

ఇంత చేసినను లోకులు ఆమెను విడువలేదు. ఈస్ట్ ఆంగ్లియా రాజైన ఎథెల్‌బర్టును 794లో ఒఫ్ఫా తల తీయించెనని నాటి చరిత్రపత్రములు స్పష్టముగా చెప్పుచున్నవి. శతాబ్దముల పిమ్మట పుట్టిన కథలలో ఆ పాపము రాణి దుర్బోధవలన జరిగినదైనది. చంపించినవాడు రాజు, నింద పట్టపురాణిది! కాసుపై నున్న ఆ ముఖము మాత్రము ఎవరి మాటకును మాఱక అట్లే యున్నది.

తరువాతి రెండుశతాబ్దములలో వెండి మఱల ఇండ్లలోనికి నడచెను. ఈసారి ఉత్తరపు ఇండ్లలోనికి. ఓడలలో వచ్చి తీరములు దోచిన వైకింగులకు కాసుపై ఎవరి ముఖమున్నను ఒకటే. వారు తూనికనే నమ్మిరి. కత్తిమొనతో గాటుపెట్టి మెత్తదనము చూచిరి, కావలసినంత త్రుంచి తూచిరి, మిగిలినది కరగించి కడియములు చేయించిరి. ఇంగ్లండువారు వారిని పంపివేయుటకు 991లో పదివేల పౌనులు చెల్లించిరి. 1018లో క్నూట్ రాజునకు దేశము 72,000 పౌనులు, లండను వేఱుగా 10,500 పౌనులు ఇచ్చినట్లు నాటి వృత్తాంతము చెప్పుచున్నది. ఈ కడపటి మొత్తము కాసులలో ఒక కోటి తొంబదియెనిమిది లక్షలు. ఆ అంకెలు కొంత పెంచినవని తలంచువారును కలరు. అందు సగమే నిజమైనను పల్లెపల్లెకు పన్ను పడక తప్పదు. ఆవు ఇరువదికాసులన్న లెక్క పైన చెప్పితిమి గదా, ఎన్ని కొట్టములు ఖాళీ అయ్యెనో పాఠకురాండ్రే గుణించి చూడవచ్చును.

పడమటి కాసులకన్న ముందే ఉత్తరదేశములకు తూర్పునుండి అరబ్బుల దిర్హములు లక్షలుగా వచ్చెను. బొచ్చుతోళ్లకును బానిసలకును ఈడుగా వచ్చిన ధనమది. అమ్ముడుపోయినవారిలో స్త్రీలు ఎందఱో యుండిరి. ఈ మాట దాచి వెండి మెఱుపు మాత్రమే చెప్పుట న్యాయము కాదు. 922లో బాగ్దాదునుండి దూతగా వెళ్లిన ఇబ్న్ ఫద్లాన్ అనునతడు వోల్గానది యొడ్డున ఈ వర్తకులను కన్నులార చూచి వ్రాసెను. మగనికి పదివేల దిర్హములు కూడినప్పుడు భార్య మెడకు కంటె యొకటి, ఇరువదివేలైనచో రెండు. అనగా ఆ యింటి బొక్కసపు లెక్క ఆమె మెడపై ఎవరైనను చదువుకొనవచ్చును. అదే రేవున బానిసపడుచులు అమ్మకమునకు నిలిచియుండుటయు అతడు చూచెను.

స్వీడనులోని బిర్కా అను పాతపట్టణమున స్త్రీల సమాధులను త్రవ్వినప్పుడు గాజుపూసల నడుమ చెవులుపెట్టిన దిర్హములు దొరకెను. మన కాసులపేరే! అరబ్బీ అక్షరములను చదువలేని ఆ యింతులకు అది కాసు కాదు, నగ. అక్కడికి దగ్గఱగా గాట్‌లండ్ ద్వీపమున స్పిలింగ్స్ అను పొలమునందు 1999లో పాత కొట్టపు నేలక్రింద అఱువదియేడు కిలోల వెండి బయల్పడెను. కాసులు పదునాలుగువేలకు పైగా, వానితో నాలుగువందల ఎనుబదికి మించిన కడియములు. 870 తరువాత కొద్దికాలమునకు దాచినది. దాచినవారు మఱల త్రవ్వుకొనుటకు రాలేదు.